మాండలిన్ శ్రీనివాస్ - గిటారుతో ఆయన చెలిమి

ఉప్పలపు శ్రీనివాస్ కన్నుమూసి ఒక పుష్కరకాలం కావచ్చినది. మాండలిన్ శ్రీనివాస్ అని లోకం పిలుచుకొన్న ఆ విద్వాంసుని పేరు ఒకప్పుడు తెలుగునాట సంగీతం తెలియనివారికి కూడ తెలిసియుండెను. నేడు మన కరీంనగరం, ఆదిలాబాదు జిల్లాల కళాశాలలలో చదువుచున్న యువతీయువకులలో ఆ పేరు విన్నవారు బహు కొద్దిమంది. విన్నవారు సైతం దానిని ఒక బాలమేధావి కథగానే వినియుందురు. పసితనంలో వాద్యం చేతబట్టినాడు, పెద్దలను అబ్బురపరచినాడు, నడివయసు దాటకుండగనే వెళ్ళిపోయినాడు. ఆ కథ నిజమే. కాని అందులో ఒక అధ్యాయం తరచుగా విడిచిపెట్టబడుచున్నది. బ్లూస్ సంగీతం వింటూ పెరిగిన ఒక ఆంగ్ల గిటారు విద్వాంసునితోను, బొంబాయి తబలా ఉస్తాదుతోను ఆయన కలిసి సాగించిన ప్రయాణమే ఆ అధ్యాయం. ఉర్దూ, తెలుగు రెండునూ ఒకే కప్పు క్రింద చదువుకొను మనకు అదే ఎక్కువ దగ్గరిదని నా అభిప్రాయం. ఆ ప్రయాణంలో పుట్టిన ఒక ఆల్బమును పాఠకులచేత వినిపించవలెనన్నదే ఈ వ్యాసానికి అసలు కారణం.

శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించినారు. పంచారామాలలో ఒకటైన క్షీరారామం గల ఊరది. అల్లు రామలింగయ్యను, దాసరి నారాయణరావును చిత్రసీమకు ఇచ్చిన ఊరు కూడ అదే. తండ్రి ఉప్పలపు సత్యనారాయణ క్లారినెట్ వాద్యకారుడు. ఆయన మాండలిన్ కూడ వాయించెడివారు. ఇంటిలో ఉన్న ఆ మాండలిన్ ను కొడుకు తనంతట తాను చేతిలోకి తీసుకొన్నప్పుడు వానికి ఇంకను ఆరేండ్ల ప్రాయం.

మాండలిన్ ఇటలీ దేశపు వాద్యం. నాలుగు జతలుగా ఎనిమిది తీగలుండును. వీణకు వలె దీనికిని మెట్లు కలవు గాని తీగ పొట్టిది, బిగువెక్కువ. మీటిన స్వరం మీటినట్లే ఆరిపోవును. అందువలన పాశ్చాత్యులు ఒకే స్వరాన్ని అతివేగంగా పలుమారులు మీటి నిలిపెదరు. మన దక్కను కవ్వాలీ గోష్ఠులలో బ్యాంజో అని పిలుచు బుల్బుల్ తరంగ్ ను విన్నవారికి ఆ తెగిపోవు ధ్వని ఎట్టిదో కొంత తెలియును. మనదేశంలో మాండలిన్ అప్పటికి ప్రధానంగా చలనచిత్ర వాద్యబృందాల సొత్తు. 1975లో వచ్చిన ముత్యాలముగ్గు చిత్రంలో ఆ మాండలిన్ ను వాయించి తెలుగువారి మనసులు దోచుకొన్నవారు సజ్జాద్ హుసేన్. హిందీ చిత్రసీమలో రుస్తుం సొహ్రాబ్ వంటి చిత్రానికి సంగీతం కూర్చిన దిట్ట ఆయన. ఒక తెలుగు గ్రామసీమ కథకు ఉర్దూ సంస్కారంలో పెరిగిన కళాకారుడు ప్రాణం పోసినాడన్న సంగతి మనలో ఎందరికి గుర్తున్నది? సరిగ్గా ఆ రోజులలోనే పాలకొల్లులో ఒక పసివాడు అదే వాద్యంపై సరిగమలు వెదకుకొనుచుండెను.

తండ్రికి సంగీతం నేర్పిన రుద్రరాజు సుబ్బరాజుగారే కుమారునికిని గురువైనారు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. చెంబైవారు క్రైస్తవుడైన యేసుదాసును శిష్యునిగా చేరదీసిన ఉదారులని సంగీతప్రియులందరు ఎరుగుదురు. సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించుట రాదు. కర్ణాటక పద్ధతిలో దానిని నేర్పగల గురువు ఆ చుట్టుప్రక్కల ఎవరును లేరు. అందుచేత పాఠం చిత్రమైన తీరున నడచినది. గురువు పాడుచుండును, శిష్యుడు దానిని వాద్యంపై పలికించవలెను. ఏ వేలు ఏ మెట్టుపై ఉంచవలెనో చెప్పువారు లేరు. గొంతు ఎక్కడ జారినదో, ఎక్కడ ఊగినదో, ఎక్కడ నిలిచినదో చెవితో పట్టుకొని, అట్లు పలుకుటకు తన వేళ్ళు ఏమి చేయవలెనో ఆ బాలుడే కనిపెట్టవలెను. పైకి ఇది పెద్ద లోటుగా కనబడును. కాని శ్రీనివాస్ శైలి అంతయు ఈ లోటునుండియే పుట్టినది. మాండలిన్ నేర్చినవాడు మాండలిన్ వలె వాయించును. పాట నేర్చి మాండలిన్ పట్టినవాడు గనుక శ్రీనివాస్ వాద్యం గొంతువలె పలికెను.

ఆ గొంతు పలుకుటకు వాద్యమే మారవలసి వచ్చినది. కర్ణాటక సంగీతానికి గమకం ప్రాణం. వైణికుడు తీగను మెట్టు మీద ప్రక్కకు లాగి ఒక స్వరంనుండి మరియొక స్వరానికి జారును. జతతీగల మాండలిన్ పై రెండు బిగువు తీగలను ఒకే కొలతతో లాగుట దుస్సాధ్యం. లాగినను స్వరం అంతలో ఆరిపోవును. శ్రీనివాస్ జతలను విడిచిపెట్టి ఒంటితీగలు కట్టుకొన్నారు. క్రింది స్థాయి అందుటకు ఐదవ తీగ చేరినది. నాదం నిలుచుటకు విద్యుత్తును ఆశ్రయించినారు. వాసూరావు అను గిటారు వాద్యకారుడు పాశ్చాత్య సంగీతాన్ని ఆయనకు పరిచయం చేసినది కూడ ఆ తొలి సంవత్సరాలలోనే. ఈ విధంగా చేతికి వచ్చిన ఐదుతీగల విద్యుత్ మాండలిన్ చూచుటకు ఒక బొమ్మ గిటారును పోలియుండెను.

1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవ సందర్భంగా తొలి కచేరి. అప్పటికి తొమ్మిదేండ్లు. పిమ్మట కుటుంబం మద్రాసుకు తరలినది. 1981 డిసెంబరు సంగీత ఋతువులో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదికపై పన్నెండేండ్ల బాలుడు వాయించినాడు. విదేశీ వాద్యం, పైగా విద్యుత్తుతో నడచునది, అది త్యాగయ్య కృతికి తగునా అని శంకించిన పెద్దలు లేకపోలేదు. వయొలిన్ కూడ ఒకనాడు పరదేశి వాద్యమేననియు, ముత్తుస్వామి దీక్షితుల సోదరుడు బాలుస్వామి దీక్షితులు దానిని మన సంగీతానికి మచ్చిక చేసినారనియు అట్టివారు మరచినారు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా నాదస్వరం శ్రీరంగం దాక మ్రోగినది. కళకు ఊరును, వంశాన్ని అడుగు అలవాటు లేదు. అడుగువారు మనుషులే. 1983లో బెర్లిన్ నగరపు జాజ్ ఉత్సవానికి ఈ బాలుని ఆహ్వానించినారు. వయసు పద్నాలుగు. రాగమన్నది ఏమో తెలియని శ్రోతలు ఆయనను వేదిక దిగనీయలేదు. అంతవరకు కర్ణాటక వాద్యకారుని జాజ్ ఉత్సవాలలో వినుట అరుదు.

ఇక్కడ కొంత ఆగి బ్లూస్ సంగతి చెప్పవలసియున్నది. అమెరికా దక్షిణ రాష్ట్రాలలోని ప్రత్తి పొలాలలో, రైలుమార్గపు పనులలో, బానిసత్వంనుండి బయటపడియు బీదతనంనుండి బయటపడని నల్లజాతి ప్రజలు పాడుకొన్న పాట బ్లూస్. దాని అచ్చు చాల చిన్నది. సాధారణంగా పండ్రెండు తాళపు గదులలో ఒక చరణం ముగియును. ప్రాణమంతయు స్వరాల మధ్య సందులలో ఉన్నది. పియానో మెట్లలో దొరకని ఒక గాంధారం, ఒక నిషాదం, కొంచెం దిగి, కొంచెం వణకుచు పలుకును. దానికొరకు గిటారు వాద్యకారుడు తీగను మెట్టుపై ప్రక్కకు నెట్టును. మన వైణికుడు చేయు పనియే అది. హిందుస్తానీ ఉస్తాదులు మీండ్ అనునది దానికి దగ్గరి చుట్టమే. ఆదిలాబాదు అడవులలో ప్రధానులు కిక్రీ వాయించుచు గోండుల వంశగాథలు చెప్పుట విన్నవారికి స్వరాల సందులో నిలుచు ఆ ఆర్తి క్రొత్త గాదు. కిక్రీకి మెట్లే లేవు, గొంతు ఎటు పోవునో కమాను అటే పోవును. కిక్రీ బ్లూస్ కు పుట్టినిల్లని నేననుట లేదు. వినుటకు మన చెవి సిద్ధంగానే ఉన్నదని మాత్రం చెప్పుచున్నాను. చికాగో నగరంలో మడ్డీ వాటర్స్ వంటివారు గిటారుకు విద్యుత్తు తగిలించి నాదాన్ని నిలిపినారు. పాలకొల్లు బాలుడు మరియొక అవసరంతో, మరియొక దారిన వచ్చి అదే ఉపాయాన్ని చేరుకొన్నాడు. రెండు వాద్యాల చెలిమికి మూలం ఇక్కడనే ఉన్నదని నాకు తోచును.

ఆ గిటారు విద్వాంసుడు జాన్ మెక్లాఫ్లిన్. 1942లో ఇంగ్లండులోని డాన్‌కాస్టర్ లో పుట్టినారు. తల్లి వయొలిన్ వాయించెడిది. పదకొండవ యేట గిటారు చేతికి వచ్చినది. బిగ్ బిల్ బ్రూంజీ, మడ్డీ వాటర్స్ మొదలగువారి బ్లూస్ రికార్డులే తొలి పాఠాలు. లండన్ బృందాలలో వాయించి 1969లో అమెరికా చేరి మైల్స్ డేవిస్ సరసన జాజ్ చరిత్రకెక్కిన రికార్డులలో పాల్గొన్నారు. అంతటి పేరు వచ్చిన పిమ్మట ఆయన డాక్టర్ ఎస్. రామనాథన్ వద్ద వీణ పాఠం చెప్పించుకొన్నారు. 1975 ప్రాంతాల జాకిర్ హుసేన్, వయొలిన్ ఎల్. శంకర్, ఘటం విక్కు వినాయకరామ్ లతో కలిసి శక్తి అను బృందాన్ని ఏర్పరచి మూడు ఆల్బములు వెలువరించినారు. ఆ కాలపు ఆయన గిటారుకు మెట్ల మధ్య చెక్కను లోతుగా తొలిపించి, తీగ ధారాళంగా లాగుటకు వీలు కల్పించినారు. శ్రుతికై అడ్డంగా అదనపు తీగలు కూడ కట్టించినారు. ఒకరు గిటారును వీణవైపు, మరొకరు మాండలిన్ ను గిటారువైపు నడిపించుచుండగా ఇరువురు దారిలో కలియక తప్పదు.

ఆ కలయికకు ముందు శ్రీనివాస్ మరియొక గిటారు వాద్యకారునితో పనిచేసినారు. 1994లో ఇంగ్లండుకు చెందిన రియల్ వరల్డ్ సంస్థ రామ శ్రీరామ అను ఆయన సంప్రదాయ ఆల్బమును ప్రకటించినది. మరుసటి యేడు అదే సంస్థనుండి కెనడా దేశీయుడు మైకేల్ బ్రూక్ తో కలిసి డ్రీమ్ వచ్చినది. ఈ బ్రూక్ నుస్రత్ ఫతే అలీఖాన్ కవ్వాలీతో మస్త్ మస్త్ ఆల్బము కూర్చిన వ్యక్తియే కావున ఉర్దూ విభాగపు మిత్రులకు పేరు పరిచితమై యుండును. డ్రీమ్ అందమైనది. కాని అది ప్రధానంగా బ్రూక్ చిత్రించిన చిత్రం, మాండలిన్ అందులో ఒక రంగు. మబ్బుల వంటి ధ్వనుల నడుమ శ్రీనివాస్ అప్పుడప్పుడు తళుక్కున మెరసి మరుగగును. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుండి మాటలాడినట్లుండదు. నేను సిఫారసు చేయదలచినది ఇది కాదు.

1997లో మెక్లాఫ్లిన్, జాకిర్ హుసేన్ పాత బృందాన్ని రిమెంబర్ శక్తి అను పేర మరల లేపినారు. మొదట వేణువుతో హరిప్రసాద్ చౌరాసియా తోడైనారు. పిమ్మట శ్రీనివాస్ ప్రవేశించినారు. వినాయకరామ్ కుమారుడు సెల్వగణేశ్ కంజీర, ఘటం, మృదంగం పట్టినారు. యార్క్‌షైర్ గిటారు, పాలకొల్లు మాండలిన్, బొంబాయి తబలా, మద్రాసు కంజీర. ఈ నలుగురు 1999లో ఐరోపాలో చేసిన కచేరీలనుండి ఏరి కూర్చి 2000లో వెలువరించిన ఆల్బము పేరు ది బిలీవర్. నేను వినుమని కోరునది దీనినే.

ఆరు అంశాలు. దాదాపు డెబ్బదియైదు నిమిషాలు. గదిలో గోడల నడుమ అతికి అతికి చేసినది కాదు, శ్రోతల యెదుట వాయించినది. అందుచేత ఒకరు ఎత్తుకొన్న మాటకు మరొకరు అప్పటికప్పుడే బదులు చెప్పవలెను. మొదటి అంశం దీర్ఘమైనది, దానితో ప్రారంభించిన క్రొత్తవారు కొందరు వెనుదిరుగవచ్చును. మూడవదైన లోటస్ ఫీట్ తో మొదలుపెట్టుట మేలు. ఇది 1976 నాటి శక్తి తొలి ఆల్బములోనే ఉన్న మెక్లాఫ్లిన్ రచన, నెమ్మదియైనది, మనము లాలిపాటలలో వినునట్టి సరళమైన బాణీ. నాడు వయొలిన్ కు దక్కిన చోటు ఇక్కడ మాండలిన్ ది. ఇందులో వేగం చూపుటకు తావు లేదు. వేళ్ళ వేగానికి పేరుబడిన విద్వాంసుడు ఒక్కొక్క స్వరాన్ని ఎంత జాగ్రత్తగా దించునో, దించిన స్వరం చివర ఎట్లు కొంచెం వంగునో వినవలెను. మాండలిన్ ధ్వని సన్నగా పై స్థాయిలో పలుకును. గిటారు గుండ్రంగా, లోతుగా, కొంత మెత్తగా పలుకును. మొదట ఈ భేదం గుర్తించినచో తక్కిన ఐదు అంశాలలో దారి తప్పరు.

వేగం కావలసినవారికి ఫైండింగ్ ది వే అను చివరి అంశం కలదు. ప్రశ్న, సమాధానం పద్ధతి. నల్లజాతి పొలాల పాటలలో ఒకరు పలుకగా గుంపు బదులు పలుకు ఆచారం ఉన్నది, మన కవ్వాలీలోను ఉన్నది, కర్ణాటక కచేరిలో స్వరకల్పన వేళ గాయకునికి వయొలిన్ బదులు చెప్పుటలోను ఉన్నది. ఇక్కడ ఆ మూడు ఆచారాలు ఒకే వేదికపై కలిసినవి. మెక్లాఫ్లిన్ పదబంధాలలో జాజ్ చదువు పైకి కనబడినను, తీగ నెట్టు చేతిలో చిన్ననాటి బ్లూస్ దాగియున్నది. శ్రీనివాస్ దానికి బ్లూస్ తో బదులు చెప్పలేదు. ఇది గమనింపదగిన విషయం. విదేశీయునితో కూర్చున్నాను గదా అని విదేశీయుని వలె మాటలాడు ప్రయత్నం ఎక్కడను లేదు. ఆయన తన గమకంతో, తన స్వరకల్పన లెక్కలతో, గురువు గొంతునుండి దింపుకొన్న జారులతోనే బదులు చెప్పినారు. మెక్లాఫ్లిన్ కు కావలసినది కూడ అదే. జాకిర్ హుసేన్ తబలా కొన్ని తావులలో ఇరువురిని అదలించునట్లు, మరికొన్ని తావులలో బుజ్జగించునట్లు నడచును. తబలాకు కంజీరకు నడుమ సాగు లెక్కల పోటీ కొందరికి కొంత దీర్ఘమనిపించును. నాకును అనిపించినది.

ఇదే బృందం 2000 డిసెంబరులో బొంబాయిలో చేసిన కచేరీలనుండి శాటర్డే నైట్ ఇన్ బాంబే అను మరియొక ఆల్బము 2001లో వచ్చినది. అందులో సంతూర్ శివకుమార్ శర్మ, మెట్లపై లోహపు కడ్డీ జార్చి గిటారు వాయించు దేవాశీష్ భట్టాచార్య, గాయకుడు శంకర్ మహదేవన్ మొదలగు అతిథులు పెక్కుమంది. ఇరువదియారు నిమిషాల శృంగార్ అను అంశం, బంగాళ రాగంలోని త్యాగరాజ కృతి అందలి విశేషాలు. పెండ్లి ఇంటివలె కళకళలాడు ఆల్బమది. కాని పెండ్లి ఇంటిలో ఇద్దరు మిత్రుల మాటలు వినుట కష్టం. గిటారుకు మాండలిన్ కు గల చెలిమి తెలియగోరువారికి ది బిలీవర్ మొదటిది, ఇది రెండవది.

ఇట్టి కలయికలవలన శ్రీనివాస్ కాలం వ్యర్థమైనదనియు, సంప్రదాయానికి దక్కవలసిన సంవత్సరాలను ప్రపంచ సంగీతం మ్రింగివేసినదనియు విచారించువారు నాడును ఉండిరి, నేడును కలరు. వారి బాధలో కొంత న్యాయం లేకపోలేదు. అట్టి కచేరీలలో ఒక రాగాన్ని గంటసేపు విస్తరించుటకు వీలుండదు. ఆయన ఖరహరప్రియనో, కల్యాణినో తీరికగా వాయించిన రాత్రుల విలువ వేరు. అయితే ఆయన కర్ణాటక కచేరీలు మానలేదు. వందకు మించిన ఆయన ఆల్బములలో అధికభాగం త్యాగరాజాదుల కృతులే. తమ్ముడు రాజేశ్ కు తానే విద్య నేర్పి అనేక వేదికలపై జంటగా వాయించినారు. మద్రాసులో సంగీత విద్యాలయం నెలకొల్పి శిష్యులను తయారుచేసినారు. బయటివారితో కలియుటవలన ఆయన సొంత బాణీ పలుచబడినదని ఆ కచేరీలు విన్నవారెవరు అనగలరో నాకు తెలియదు. ఇంటిలో ఉర్దూ, వీథిలో తెలుగు, తరగతిలో ఆంగ్లం మాటలాడు మన విద్యార్థిని ఒక భాష మరియొక భాషను పాడుచేయునేమోనన్న భయం పీడించుట కలదు. అట్టివారు ఈ ఆల్బమును ఆ చెవితో కూడ వినవచ్చును.

1992లో బార్సెలోనా ఒలింపిక్ కళోత్సవంలో వాయించినారు. 1998లో పద్మశ్రీ, 2009 సంవత్సరానికి సంగీత నాటక అకాడెమీ పురస్కారం లభించినవి. మితభాషి. వేదికపై చిరునవ్వు తప్ప ఆర్భాటమెరుగరు. కాలేయ వ్యాధి ముదిరి, మార్పిడి శస్త్రచికిత్స జరిగినప్పటికి కోలుకొనలేక 2014 సెప్టెంబరు 19న మద్రాసులో కన్నుమూసినారు. నలుబదియైదేండ్లు. కర్ణాటక విద్వాంసునికి అది పరిపాకం మొదలగు వయసు. చెంబైవారు డెబ్బది దాటియు పాడినారు. మనము కోల్పోయినది ఎంతయో ఆ లెక్కనుబట్టి ఊహించుకొనవలసినదే.

2023లో శక్తి బృందం దిస్ మొమెంట్ అను క్రొత్త ఆల్బమును ప్రకటించినది. మరుసటి ఫిబ్రవరిలో దానికి గ్రామీ బహుమతి వచ్చినది. అందులో గణేశ్ రాజగోపాలన్ వయొలిన్ ఉన్నది, మాండలిన్ లేదు. 2024 డిసెంబరు 15న శాన్ ఫ్రాన్సిస్కోలో జాకిర్ హుసేన్ కూడ వెళ్ళిపోయినారు. ది బిలీవర్ వేదికపై కూర్చున్న నలుగురిలో ఇద్దరు ఇప్పుడు లేరు.

ఆల్బము మాత్రం నేడు చేతిలోని సెల్ ఫోనులోనే దొరకును. రాత్రి భోజనానంతరం, వీథి సద్దుమణిగిన పిమ్మట, లోటస్ ఫీట్ ను రెండు మారులు వినుడు. మొదటిమారు గిటారు వెంట పొండు. రెండవమారు మాండలిన్ వెంట పొండు. మూడవమారు ఎవరును చెప్పకుండగనే వినెదరు.